గోలీ లేకుండా నిద్ర పట్టే రోజు వస్తదా అక్కా?

"అక్కా, నమస్తే. నాకు నలభై ఏడేళ్లు. కామారెడ్డి జిల్లాలో సర్కారు బడిలో లెక్కల టీచర్‌ని. 2021 మే నెలలో కరోనాతో మా ఆయన పోయిండు. దవాఖానాలో చేర్పించిన తొమ్మిదో రోజు. ముఖం కూడా సరిగ్గా చూడనియ్యలేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. దగ్గర్లోని డాక్టరు గారు ఆల్ప్రాజోలామ్ 0.25 గోలీ రాసి, 'పది రోజులు వేసుకోమ్మా' అన్నారు. ఆ పది రోజులు ఇప్పటికీ అయిపోలేదు. ఇప్పుడు రాత్రి 1 మిల్లీగ్రాము, పొద్దున స్కూటీ తీసే ముందు 0.5. ఆ పాత చీటీ మడతల దగ్గర చినిగిపోయింది, దాన్ని ఇప్పుడు అడిగేవాళ్లు కూడా లేరు. నన్ను చూడగానే మెడికల్ షాపు పిల్లగాడు స్ట్రిప్ తీసి పెడతాడు. ఈ మధ్య చివరి పీరియడ్ వచ్చేసరికి ఒళ్లంతా చిరచిర, పిల్లల మీద ఊరికే అరుస్తున్న.

మొన్న దసరా సెలవుల్లో మానేద్దామని గట్టిగా అనుకున్న. మొదటి రోజు గడిచింది. రెండో రాత్రి కన్ను మూతపడలేదు. మూడో రోజు చేతులు వణికి టీ గ్లాసు జారిపోయింది. కుక్కర్ కూత పెడితే గుండె ఆగినంత పనైంది. ఒంటి మీద చీమలు పాకినట్టు. ఆ రాత్రి రెండు గోలీలు వేసుకుని పడుకున్న. పొద్దున లేచి ఏడ్చిన.

కల్లు దొరకని రోజు వణికేవాళ్లను చూసి చిన్నప్పుడు మేం నవ్వేటోళ్లం. ఆ కల్లులో కలిపేది కూడా ఇదే మందని పేపర్లో చదివిన కాన్నుంచి అద్దంలో ముఖం చూసుకోలేకపోతున్న. నేను కూడా అంతేనా? బిడ్డ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. దానికి తెల్వదు. స్ట్రిప్పులు బియ్యం డబ్బాలో దాస్తున్న. పిచ్చి దవాఖానాకు పోతే నా ఉద్యోగం ఉంటదా? బిడ్డ పెళ్లి అయితదా? గోలీ లేకుండా నిద్ర పట్టే రోజు వస్తదా అక్కా?"

చెల్లెమ్మా,

అన్నిటికంటే ముందు ఒక మాట. ఇంకెప్పుడూ ఒక్కసారిగా మానకండి. దసరాకు మీరు చేసింది ధైర్యమైన పనే. కానీ ప్రమాదమైన పని కూడా. ఇన్నేళ్లు రోజూ వేసుకున్న ఆల్ప్రాజోలామ్‌ను ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. మూడో రాత్రి మళ్లీ గోలీ వేసుకున్నందుకు ఓడిపోయానని ఏడ్చారు కదా, ఆ రాత్రి అది మిమ్మల్ని ఫిట్స్ నుంచి కాపాడి ఉండొచ్చు. వణుకు, చిన్న శబ్దానికే గుండె దడ, చర్మం మీద పాకుడు, ఇవన్నీ మీ మనసు బలహీనతకు గుర్తులు కావు. మందు ఒక్కసారిగా తగ్గినప్పుడు ఒళ్లు పెట్టే కేకలు. వాటిని గుర్తుపట్టడం నాకు బాగా తెలుసు. ముప్పై రెండేళ్లు సర్కారు దవాఖానాల్లో స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో చివరి పదేళ్లు మానసిక వైద్య వార్డులోనే.

మీరు కల్లు సంగతి ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు గట్టిగా జరిగాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లు ఉన్నట్టుండి పలచబడింది. రెండు మూడు రోజులు తిరక్కుండానే దవాఖానాలు నిండిపోయాయి. ఆ రోజుల్లో నా వార్డుకు వచ్చిన ఒక బీడీ కార్మికురాలిని నేను ఇప్పటికీ మరచిపోలేదు. యాభై దాటి ఉంటాయి. మంచం మీద కూర్చుని ఖాళీ చేతులతో బీడీలు చుడుతోంది. లేని ఆకును కత్తిరిస్తుంది, లేని తంబాకు పోస్తుంది, చుడుతుంది, దారం కడుతుంది, పక్కన పెడుతుంది. మళ్లీ ఇంకొకటి. రాత్రంతా అదే పని. పక్కన పెట్టిన బీడీలు ఎవరో ఎత్తుకుపోతున్నారని మధ్యలో నా మీద కసురుకుంది కూడా. డాక్టరు గారు తగిన మందు ఇచ్చి నెమ్మదిగా తగ్గిస్తూ వచ్చాక, ఐదో రోజు పొద్దున నన్ను చూసి "సిస్టరమ్మా, ఇది ఏ ఊరు?" అని అడిగింది. ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మతి తిరిగి వచ్చిందన్న మాట.

ఆమె జీవితంలో ఒక్క నిద్ర గోలీ కొనలేదు. కల్లు దుకాణంలో గ్లాసు కల్లు కొన్నది, అంతే. అందులో ఆల్ప్రాజోలామో, డయాజిపామో, క్లోరల్ హైడ్రేటో, ఏదో ఒక మత్తు మందు ఎవరో కలిపారు. మీది చీటీ మీద రాసిన గోలీ, ఆమెది సీసాలో కలిపిన పొడి. మెదడు దగ్గరికి చేరాక రెంటికీ తేడా లేదు. "నేను కూడా అంతేనా?" అని అడిగారు. అవును చెల్లెమ్మా, ఒంటి లెక్కన అంతే. అందులో సిగ్గుపడాల్సింది ఆమెకూ లేదు, మీకూ లేదు. చిన్నప్పుడు నవ్విన నవ్వు ఇప్పుడు మిమ్మల్ని గుచ్చుతోందని అర్థమవుతోంది. ఆ బాధను మీ మీద మీకు అసహ్యంగా మార్చుకోకండి. మీ బడిలో పిల్లల అమ్మానాన్నల్లో ఆ వణుకు పడేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లను ఇకనుంచి మీరు చూసే చూపు మారుతుంది, అది చాలు.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతాను. తెలిస్తే సగం భయం పోతుంది.

మన మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. బండికి బ్రేకు లాంటిది. ఆల్ప్రాజోలామ్ ఆ బ్రేకు మీద ఇంకో కాలు వేసి తొక్కుతుంది. మొదట్లో అందుకే అంత హాయిగా నిద్ర పట్టింది. కానీ రోజూ బయటి నుంచి ఎవరో తొక్కుతుంటే మెదడు తన బ్రేకును తాను వదులు చేసుకుంటుంది. అదే డోసుకు నిద్ర రాదు. 0.25 కాస్తా 0.5 అవుతుంది, 0.5 కాస్తా 1 అవుతుంది. మీరు ఆశపడి పెంచలేదు, మెదడు అలవాటు పడి పెంచమంది. అలాంటప్పుడు గోలీ ఆపేస్తే వదులైన బ్రేకుతో దిగుడులో బండి వదిలినట్టే. మెదడు తన బ్రేకును మళ్లీ బిగించుకోగలదు, తప్పకుండా బిగించుకుంటుంది. దానికి నెలలు కావాలి. మనం చేయాల్సిందల్లా ఆ నెలల సమయం ఇవ్వడమే.

చివరి పీరియడ్ చిరచిరకు కూడా ఇక్కడే జవాబుంది. ఆల్ప్రాజోలామ్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 11 గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదికి వేసుకున్నది సాయంత్రం నాలుగయ్యేసరికి బాగా దిగిపోతూ ఉంటుంది, అలవాటుపడిన ఒళ్లు ఆ దిగుడుకే గిలగిల్లాడుతుంది. మీ కోపం పిల్లల వల్ల కాదని, మీ స్వభావం చెడిపోలేదని తెలుసుకోండి. రోజుకోసారి చిన్న దసరా సెలవు అనుభవిస్తున్నారు మీరు. ఆ పొద్దుటి 0.5 వేసుకుని స్కూటీ నడపడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఈ మందు మీద ఉన్నవాళ్లకు చెయ్యి, కన్ను ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతాయి, వాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు. వీలైనన్నాళ్లు తోటి టీచర్ల ఆటోలోనో, బస్సులోనో వెళ్లండి.

ఇది వ్యసనమా, అలవాటా అన్నది రెండు ముక్కల్లో చెబుతాను. మత్తు కోసం వెతుక్కుంటూ పోయేది ఒకటి. డాక్టరు రాసిన మందుకు ఒళ్లు లొంగిపోవడం ఇంకొకటి. మీది ఎక్కువగా రెండోది. కానీ స్ట్రిప్ బియ్యం డబ్బాలో దాచడం, కూతురికి తెలియనివ్వకపోవడం మొదలైందంటే మొదటిదాని గుమ్మం దగ్గరికి వచ్చారని నా అభిప్రాయం. ఇది నింద కాదు. మీరు ఉత్తరం రాశారంటే ఆ సంగతి మీకే ముందు అర్థమైంది.

ఈ మందుల కథ కొత్తది కాదు. ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్ లాంటివాటిని బెంజోడయాజిపైన్లు అంటారు. ఈ జాతిలో మొదటి మందు 1960లో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు వాడే బార్బిట్యురేట్లనే పాత నిద్ర మందుల కంటే సురక్షితమని లోకమంతా సంబరపడింది. ఆల్ప్రాజోలామ్ 1981లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడొద్దని బ్రిటన్‌లో మందుల భద్రత కమిటీ 1988లోనే డాక్టర్లకు చెప్పింది. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ జాతి మందులన్నిటి మీదా అలవాటు గురించి, ఆపితే వచ్చే ముప్పు గురించి పెద్దక్షరాల హెచ్చరిక వేయించింది. మన దగ్గర కూడా 2014 మార్చి నుంచి ఇవి షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టె చూసే ఉంటారు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఎవరు రాశారో ఎవరికిచ్చారో షాపువాళ్లు రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. మిమ్మల్ని చూడగానే స్ట్రిప్ తీసే పిల్లగాడు మీకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. పది రోజులని రాసిన డాక్టరు గారు పదకొండో రోజు మీరు ఏం చేయాలో చెప్పి ఉండాల్సింది. భర్త పోయిన మనిషికి ఆ చిన్న చీటీ ఇచ్చి పంపించేసి, మళ్లీ రమ్మనకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. ఇలాంటి చీటీలు నా ఉద్యోగకాలంలో ఎన్ని చూశానో.

సరే, దిగే దారి సంగతి. మీరు లెక్కల టీచర్ కాబట్టి మీకు లెక్కలోనే చెబుతాను.

మీ రోజు మొత్తం 1.5 మిల్లీగ్రాములు. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గిస్తూ మొదలుపెట్టాలి. రెండు వారాల్లో 25 శాతానికి మించి ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించకూడదు. 0.25 గోలీని సగం చేస్తే 0.125. మీ డోసులో అది ఎనిమిది శాతం పైచిలుకు. మెట్టుకు 0.125 చొప్పున దిగితే పన్నెండు మెట్లు. మెట్టుకు మూడు వారాలనుకుంటే ముప్పై ఆరు వారాలు, ఎనిమిది నెలల పైన. కానీ ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 1.5లో 0.125 అంటే చిన్న మెట్టు. 0.5కు వచ్చాక అదే 0.125 నాలుగో వంతు అవుతుంది. కింది మెట్లు కంటికి అంతే ఎత్తు కనబడతాయి, ఒంటికి మాత్రం మూడింతలు. అందుకే సగం దాకా సాఫీగా దిగినవాళ్లు కూడా చివర్లో బోర్లా పడతారు. అడుగుకు వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి. ఏడాది పట్టినా పట్టనివ్వండి.

అంత చిన్న ముక్కలు ఆల్ప్రాజోలామ్‌తో కుదరవు కాబట్టి కొందరు డాక్టర్లు దాన్ని మెల్లగా అదే జాతిలోని డయాజిపామ్‌లోకో, క్లొనాజెపామ్‌లోకో మార్చి అప్పుడు తగ్గిస్తారు. అవి ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి, ముఖ్యంగా డయాజిపామ్ రోజుల తరబడి ఉండి మెల్లగా దిగుతుంది. సాయంత్రం నాలుగింటి గిలగిల తగ్గుతుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెథర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్లు ఇందుకోసమే ఒక క్లినిక్ నడిపారు. వందల మందిని ఇలాగే దించారు. ఆవిడ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఒక్కటే, వేగాన్ని నిర్ణయించేది రోగి. డాక్టరు దారి చూపిస్తాడు, అడుగు ఎప్పుడు వేయాలో వేసేవాళ్లు చెబుతారు. మీకు మార్చడం మంచిదా, ఉన్నదాన్నే తగ్గించడం మంచిదా, పొద్దుటిది ముందా రాత్రిది ముందా అన్నది మీ లివర్, మీ ఇతర మందులు చూసి సైకియాట్రిస్టు తేల్చాలి. నేను రాసిన లెక్క దారి ఎంత పొడవో తెలియడానికే. దీన్ని పట్టుకుని ఇంట్లో సొంతంగా మొదలుపెట్టొద్దు.

గోలీ విరవడం గురించి ఒక చిన్న సంగతి. మామూలు గోలీ మధ్యలో గీత ఉంటుంది, అక్కడ విరుగుతుంది. మెల్లగా కరిగే రకం గోలీలు కొన్ని ఉంటాయి, పేరు చివర ఎస్ఆర్ అని ఉంటుంది. వాటిని విరిస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది, అవి విరవకూడదు. బ్లేడుతో కోస్తే సగం పొడైపోతుంది. మెడికల్ షాపులో గోలీ కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది, అది కొనండి. ఏడు రోజులకు ఏడు గదులున్న డబ్బా ఒకటి తీసుకుని ఆదివారం పొద్దున వారానికి సరిపడా ముక్కలు కోసి నింపేయండి. రాత్రి పదిన్నరకు, నిద్ర రాక, కళ్లు మండుతూ, చేతిలో స్ట్రిప్‌తో "ఈ ఒక్కరోజుకు" అని బేరమాడుకునే స్థితి అప్పుడు ఉండదు. నా వార్డు నుంచి వెళ్లిన ఒకావిడ ఆ డబ్బాను వంటగది గూట్లో, ఇంట్లో అందరికీ కనబడేలా ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుంది. దాచే అవసరం లేనప్పుడు దాని బలం సగం తగ్గిందని చెప్పింది. బియ్యం డబ్బాలో ఉన్నవాటిని బయటికి తీయండి చెల్లెమ్మా.

దిగేటప్పుడు ఎలా ఉంటుందో కూడా దాచకుండా చెబుతాను. మెట్టు దిగిన రెండు మూడు రోజులకు నిద్ర పలచబడుతుంది, కండరాలు పట్టేస్తాయి, వెలుతురు, చప్పుడు ఎక్కువగా అనిపిస్తాయి. వారం పది రోజులకు సర్దుకుంటుంది. తర్వాత ఒక రోజు ఏ కారణం లేకుండా మళ్లీ బాగోదు. అప్పుడు పాత జబ్బు తిరగబెట్టిందని భయపడి పై మెట్టుకు ఎక్కేయకండి. ఉన్న మెట్టు మీదే ఇంకో వారం, అవసరమైతే ఇంకో రెండు వారాలు నిలబడండి. పబ్లిక్ పరీక్షల డ్యూటీ ఉన్న నెలలో, బంధువుల పెళ్లి ఉన్న వారంలో కొత్త మెట్టు దిగొద్దు. మీకు ఉద్యోగానికి సెలవు పెట్టాల్సిన అవసరం బహుశా రాదు. ఈ వేగంలో దిగినవాళ్లు చాలామంది రోజూ పనికి వెళ్తూనే దిగారు. కానీ ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉన్నా, తాగుడు అలవాటు కూడా ఉన్నా, గుండె జబ్బు ఉన్నా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, అలాంటివాళ్లను కొన్నాళ్లు దవాఖానాలో ఉంచి మొదలుపెడతారు. దిగే దారిలో ఎప్పుడు ఫిట్స్ వచ్చినా, లేని మనుషులు కనిపించినా, ఏ రోజో తెలియకుండా పోయినా, చచ్చిపోవాలనిపించినా అది రాత్రి రెండైనా ఆగకుండా దవాఖానాకు వెళ్లాల్సిందే.

నిద్ర గురించి. మీకు అసలు భయం ఇదే కదా.

గోలీ ఇచ్చేది నిద్ర అనుకుంటున్నారు. అది ఇచ్చేది ఎక్కువగా మత్తు. లోతైన నిద్రనూ, కలల నిద్రనూ అది తగ్గిస్తుంది. అసలు నిద్ర నేర్పే పద్ధతి వేరే ఉంది, డాక్టర్లు నిద్రలేమికి మొదట చెప్పాల్సిన వైద్యం కూడా అదే. పొద్దున లేచే టైము ఒక్కటే గట్టిగా పట్టుకోవాలి, ఆదివారమైనా, రాత్రంతా నిద్ర లేకపోయినా ఐదున్నర అంటే ఐదున్నరే. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలు గడిచినా పట్టకపోతే లేచి ఇంకో గదిలో కూర్చోవాలి. ఫోను కాదు, పేపర్ల కట్టలు దిద్దడం అసలే కాదు, మడత పెట్టాల్సిన బట్టలో, ఏరాల్సిన చింతపండో ఏదో ఒక సాదా పని. కళ్లు వాలినప్పుడు మళ్లీ మంచం. గోడ గడియారం కనబడకుండా తిప్పేయండి. మధ్యాహ్నం తర్వాత టీ వద్దు. మొదటి రెండు వారాలు ఇది శిక్షలా ఉంటుంది, నిజం. మంచమంటే మేల్కొని భయపడే చోటు అని మీ ఒళ్లు ఇన్నేళ్లు నేర్చుకుంది, అది మరచిపోవడానికి ఆ మాత్రం పడుతుంది. గోలీ తగ్గించడానికి నెల ముందే ఈ అలవాటు మొదలుపెడితే దిగుడు తేలికవుతుంది.

ఇంకో సంగతి, మీ ఉత్తరంలో మీరు రాయనిది. నలభై ఏడేళ్లంటే నెలసరి ఆగే వయసు. అర్ధరాత్రి చెమట పట్టి లేవడం, గుండె దడ, చిరాకు ఆ మార్పుల వల్ల కూడా వస్తాయి. గోలీ తగ్గించడం వల్లే అన్నీ అనుకుంటే పొరపాటు పడతారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. రక్తం తక్కువగా ఉండి కాళ్లలో జివ్వుమనే బాధతో నిద్ర పట్టని ఆడవాళ్లను ఎందరినో చూశాను, వాళ్లకు కావాల్సింది ఐరన్ గోలీ.

ఇక మీ ఆయన సంగతి రాయకుండా ఉండలేను. ఆయన పోయిన నెలలో మీకు కావాల్సింది ఏడవడానికి నలుగురు మనుషులు. లాక్‌డౌన్ అది కూడా లేకుండా చేసింది. కడసారి చూపు లేదు, ఇంటి నిండా చుట్టాలు లేరు, దినాలకు వచ్చేవాళ్లు లేరు. ఉన్నదల్లా ఒక గోలీ. అది దుఃఖాన్ని తీర్చలేదు, పక్కన పెట్టింది. మందు తగ్గేకొద్దీ కలలు తిరిగి వస్తాయి, బాగా గట్టిగా, రంగుల్లో వస్తాయి. ఆయన కలలోకి రావచ్చు. పొద్దున లేచాక ఇన్నేళ్ల నాటి ఏడుపు నిన్నటిదిలా రావచ్చు. భయపడొద్దు, డోసు పెంచొద్దు. అది జబ్బు కాదు, మీకు ఇవ్వాల్సి ఉండి ఇవ్వకుండా పోయిన సమయం. ఆయన గురించి మాట్లాడటానికి ఒక మనిషిని ఇప్పుడే చూసిపెట్టుకోండి. దవాఖానాలో కౌన్సెలరైనా సరే, మీ అక్కచెల్లెళ్లైనా సరే. తొమ్మిది రోజులు దవాఖానాలో ఏం జరిగిందో మీరు మొదటి నుంచి చివరి దాకా ఎవరికైనా ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరం చదివితే చెప్పలేదనిపించింది.

ఈలోపు నిద్ర కోసం ఎవరో ఒకరు సలహా ఇస్తారు, "ఒక గ్లాసు కల్లు తాగు" అని. మన జిల్లాల్లో ఆ మాట తప్పకుండా వస్తుంది. చెట్టు మీద నుంచి మీ కళ్ల ముందు దించినది కాకపోతే ఆ గ్లాసులో మీరు వదిలించుకుంటున్న మందే, ఎంత డోసో తెలియకుండా ఉండొచ్చు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలు పోయాయి. చెట్టు కల్లైనా, బీరైనా, వైనైనా ఈ గోలీతో కలిస్తే శ్వాసే మందగిస్తుంది, కాబట్టి ఏదీ వద్దు. ట్రమడాల్ లాంటి నొప్పి గోలీలు, నిద్ర తెప్పించే దగ్గు మందులు కూడా డాక్టరుకు చెప్పకుండా వేసుకోకండి. జోల్పిడెమ్ అని ఇంకో నిద్ర గోలీ పేరు చెబుతారు, అది కూడా మెదడులో ఆ బ్రేకు దగ్గరికే పోతుంది. పేరు, లేబుల్ లేని పొట్లాల జోలికి అసలే పోకండి.

ఉద్యోగం, పెళ్లి. ఈ రెండింటికీ జవాబు చట్టంలో కొంత ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు రహస్యంగా ఉంచడం దవాఖానా బాధ్యత. మీ బడికి ఎవరూ ఉత్తరం రాయరు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానాలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, అక్కడ మీరు వరుసలో నిలబడిన ఇంకో మనిషి, అంతే. ఊళ్లో ఎవరైనా చూస్తారని మరీ భయంగా ఉంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఉంది, బిడ్డను చూడటానికి వెళ్లినప్పుడు వెళ్లొచ్చు. ఎర్రగడ్డ పేరు చెబితే మనవాళ్లు నవ్వుతారు, ఆ నవ్వు వల్ల ఎంతమంది ఆలస్యంగా వచ్చారో నాకు తెలుసు. ముందు ఫోనులో మాట్లాడి చూస్తానంటే సర్కారు నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416. రాత్రి పగలు పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఊరి బయట షెడ్లలో మనుషుల్ని కట్టేసి 'మాన్పించే' సెంటర్లకు మాత్రం వెళ్లకండి. అక్కడ మొదటి రోజే మందు ఆపేస్తారు. ఆ పని ఎంత ప్రమాదమో పైనే చెప్పాను.

బిడ్డకు చెప్పాలా అంటే, చెప్పాలి. దోషం ఒప్పుకున్నట్టు కాదు. "నాన్న పోయినప్పుడు నాకు నిద్ర కోసం ఒక మందు ఇచ్చిన్రు. అది ఎక్కువ రోజులు వాడిన. ఇప్పుడు డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకుంటున్న. కొన్ని రోజులు చిరాగ్గా ఉంటా, నువ్వు పట్టించుకోకు. రాత్రిపూట అప్పుడప్పుడు ఫోన్ చెయ్యి." ఇంత చాలు. ఇరవై ఏళ్లు దాటిన పిల్ల, తండ్రిని పోగొట్టుకున్న పిల్ల. తను కూడా అప్పటి నుంచి ఎలా నిద్రపోతోందో మీరు అడిగారా? ఆ సంభాషణ మీ ఇద్దరికీ అవసరం అనిపిస్తోంది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, 108కి ఫోన్ చేయాలని తనకూ, పక్కింట్లో ఒకరికీ చెప్పి ఉంచండి. ఒంటరిగా ఉంటున్నారు కాబట్టి ఇది తప్పనిసరి.

గోలీ లేకుండా నిద్ర పట్టే రోజు వస్తదా అని అడిగారు. వస్తది. చాలామందికి రావడం చూశాను. మొదట ఐదు గంటలే పడుతుంది, మధ్యలో ఒకసారి మెలకువ వస్తుంది, కానీ పొద్దున లేచినప్పుడు నోరు ఎండిపోదు, తల దిమ్ముగా ఉండదు.

ఈ రాత్రి మాత్రం మీ మామూలు డోసు మామూలుగానే వేసుకుని పడుకోండి. ఒక్క ముక్క కూడా తగ్గించొద్దు, ఒక్క ముక్క పెంచొద్దు. సోమవారం ఓపీకి వెళ్లేటప్పుడు చినిగిన ఆ పాత చీటీ, బియ్యం డబ్బాలోని స్ట్రిప్పులు, ఖాళీవి కూడా, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. దసరా మూడు రోజుల్లో ఏం జరిగిందో మీరు నాకు రాసినట్టే ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టండి. లోపలికి వెళ్లాక మాట పెగలకపోతే ఆ కాగితమే మాట్లాడుతుంది.